గాలిమోటరు నెరిగిన ఊరు

భారతదేశపటమును పరచి, నాగపురపు విమానాశ్రయమునుండి హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయమునకు సరళరేఖ నొకదానిని గీచినచో, అది విదర్భ ప్రత్తిచేల మీదుగా దిగి, ఉట్నూరు అడవులను దాటి, ఖానాపురపు సమీపమున గోదావరి నతిక్రమించి, మెట్‌పల్లికిని కోరుట్లకును నడుమగా సాగిపోవును. ఈ రేఖను మెట్‌పల్లి కొరకు గీచినవా రెవరును లేరు. ఉత్తరమునుండి దక్షిణమునకు పోవు విమానములకు నాగపురము సహజమైన మజిలీ యగుటచేతను, నిజాం సంస్థానమునకు బేగంపేటయే ఆకాశద్వార మగుటచేతను ఈ మార్గము తనంతట తానేర్పడినది. ఖాదీకిని, పసుపునకును, బీడీలకును పేరుగన్న ఈ పట్టణము తలమీదుగా ఎనుబది సంవత్సరములనుండి విమానములు పోవుచునే యున్నవి. ఐనను విమానము పోవుచుండగా చూచుట వేరు, దాని నెరుగుట వేరు. ఇది యే జాతి విమానము, ఏ కంపెనీది, దీనిలో నాలుగు గంటలు కూర్చున్నవానికి కలుగు సుఖదుఃఖము లెట్టివి, దీనిని నమ్మవచ్చునా నమ్మరాదా అను వివేచన మెట్‌పల్లి ప్రాంతమువారికి ఈ ఆకాశమునుండి అబ్బినది కాదు. అది వలసకూలీల సామానుతోబాటు ఎడారినుండి వచ్చినది. ఆ రాక కథను చెప్పుటకే ఈ వ్యాసము.

హైదరాబాదు సంస్థానమునకు విమానము తపాలాసంచిని మోసికొనుచు వచ్చినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ విమానమున కరాచీనుండి బొంబాయికి తపాలా తెచ్చినప్పుడు, అక్కడినుండి దానిని నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను; కొలది సంవత్సరములకే బళ్లారికి మారుగా హైదరాబాదు ఆ మార్గమున మజిలీ ఆయెను. బేగంపేటలో ఏరో క్లబ్బు వెలసెను, విమానాశ్రయము పెరిగెను. 1945లో నిజాం ప్రభుత్వపు రైల్వేయు టాటాలును కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను నెలకొల్పిరి. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ రైల్వేసంస్థయే 1932 నుండి సంస్థానమున బస్సులను గూడ నడుపుచుండెను. కనుక రైలును, మోటారును, విమానమును ఒకే యింటి బిడ్డలుగా పెరిగినవి. పల్లెజనులు బస్సును మోటరనియు, విమానమును గాలిమోటరనియు పిలుచుకొనిరన్నచో అది అజ్ఞానముచేత కాదు. వారి ప్రభుత్వము ఆ రెంటిని ఉంచినచోటనే వారును ఉంచిరి.

దక్కన్ ఎయిర్‌వేస్ వారివి డకోటా విమానములు. ఇరువది యొక్కరో, మరికొంత ఇరుకుగా కూర్చుండబెట్టినచో ఇరువది యెనమండుగురో పట్టు ఆ డగ్లస్ డీసీ-3 విమానమునకు రెండు యంత్రములు, తోకక్రింద చిన్నచక్రము, నేలమీద నిలిచినప్పుడు ముక్కు పైకెత్తి చూచు భంగిమ. లోపలి గాలిని అదిమియుంచు సాధనము దానికి లేదు గావున అది పదివేల అడుగుల లోపుననే పోవలెను; గంటకు మూడువందల కిలోమీటర్లు దానికి మంచి వేగము. ఢిల్లీకిని మద్రాసునకును నడుమ నాగపురము, హైదరాబాదుల మీదుగా అది పోవునప్పుడు, క్రింద చేనిలో కలుపు తీయు మనిషి దాని శబ్దమును ముందుగా విని, నడుము నిలిపి, రెక్కలను, తోకను, కిటికీలవరుసను కన్నులార చూచుటకు వ్యవధి చిక్కెడిది. నేటి జెట్టు విమానము ముప్పదియైదు వేల అడుగుల మీద తెల్లనిగీత నొకదానిని విడిచి పోవుచున్నది. ప్రజలకు అప్పుడు విమానము దగ్గరగా నుండెను, ప్రయాణము దూరముగా నుండెను. ఇప్పుడు ఆ క్రమము తలక్రిందులైనది.

ఆ రోజులలో ఆకాశమువంక చూచుట ఎల్లప్పుడును వినోదముగా నుండలేదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు, లాంకాస్టర్ బాంబరునుండి ప్రయాణికుల కనువుగా రూపొందించిన లాంకాస్ట్రియన్ విమానములతో, కరాచీనుండి సంస్థానమునకు రాత్రివేళల ఆయుధములు చేరవేసెను. బీదరు, వరంగల్లు విమానక్షేత్రములు ఆ సరకును దింపుకొనిన స్థలములు. సెప్టెంబరులో భారతసేనలు ప్రవేశించినప్పుడు వానిమీద బాంబులు పడినవి. ప్రయాణికుల కొరకు తీర్చిన విమానము యుద్ధపు పనికి పోయిన ఆ ఘట్టమును వైమానిక చరిత్రకారులు కాటన్ సాహసకృత్యములలో నొకదానిగా వ్రాయుదురు. రజాకార్ల కాలమును అనుభవించిన మనపల్లెలకు రాత్రిపూట వినవచ్చు యంత్రధ్వని సాహసకథ కాదు.

మరుసటి సంవత్సరము, 1949 జనవరి చివర, రాత్రి విమానతపాలా ఆరంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి చీకటిపడినపిమ్మట బయలుదేరిన నాలుగు విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులను మార్చుకొని, తెల్లవారకముందే ఎవరియూరికి వారు తిరిగిపోవు ఆ ఏర్పాటు, నా యుద్దేశమున, స్వతంత్రభారతము చేసిన మొదటి గొప్ప వైమానికకార్యము. మద్రాసునుండి నాగపురమునకు గీచిన సరళరేఖ పెద్దపల్లి మీదుగా పోవును. మెట్‌పల్లికి తూర్పున ఆ దారి, దాపున హైదరాబాదు దారి. రెండు ఆకాశమార్గముల నడుమ మన జిల్లా నిదురించుచుండెను. 1953 ఆగస్టులో దక్కన్ ఎయిర్‌వేస్ మొదలగు సంస్థలన్నియు జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను. 1957లో వైకౌంటులు, 1964లో త్రికోణపు కిటికీల కారవెల్‌లు, 1970 తరువాత బోయింగ్ 737లు వచ్చినకొలది విమానము పైపైకి పోయి, దాని శబ్దము తగ్గి, రూపము చిన్నదై, చేనిలోని మనిషికి దూరమయ్యెను.

ఇదే కాలమున సముద్రము కావల విమానములను చూచుట యొక వ్యసనముగా, ఆపైన యొక శాస్త్రముగా పరిణమించినది. రెండవ ప్రపంచయుద్ధమున శత్రువిమానమును మిత్రవిమానమును ఛాయనుబట్టి గుర్తించుటకు ఇంగ్లండులో వేలకొలది సామాన్యపౌరులకు శిక్షణ యిచ్చిరి. యుద్ధము ముగిసినను ఆ కన్ను మూతపడలేదు. హీత్రో విమానాశ్రయపు కట్టడములమీద జనులు నిలిచి చూచుటకై తోటలవంటి డాబాలు నిర్మించిరి. పిల్లలు, వృద్ధులు దూరదర్శినులతో నిలిచి, ప్రతి విమానపు తోకయొద్ద వ్రాసియుండు నమోదుసంఖ్యను చిన్నపుస్తకములలో గుర్తుపెట్టుకొనుచుండిరి. ఈ అభిరుచిగల బ్రిటీషువారు పండ్రెండుగురు, డచ్చివారిద్దరితోగూడ 2001 నవంబరులో గ్రీసుదేశపు కలమాటా సైనికక్షేత్రమువద్ద గూఢచారులని పట్టువడి, మరుసటియేట శిక్షపడి, అప్పీలులో నిర్దోషులై బయటపడిరి. మనదేశమున 1937 నాటి విమానచట్టపు నిబంధనలలో పదుమూడవది విమానాశ్రయమున అనుమతిలేక ఛాయాచిత్రములు తీయుటను నిషేధించినది. అందుచేత కెమెరాతో గోడయొద్ద నిలుచు సంప్రదాయము మనకు ఆలస్యముగా వచ్చినది. బేగంపేటలో విమానములు రసూల్‌పురా ఇండ్లకప్పులమీదుగా దిగునప్పుడు రోడ్డుమీద సైకిలు నాపి చూచువా రుండిరి గాని, పుస్తకమున సంఖ్య వ్రాసికొనినవారు అరుదు.

ఐతే మనయొద్ద విమానజ్ఞులు పుట్టలేదా? పుట్టిరి. వారి పుస్తకము పాస్‌పోర్టు.

1973లో చమురుధర లొక్కసారిగా పెరిగినపిమ్మట అరబుదేశములలో రోడ్లు, రేవులు, భవనములు, ఊర్లకు ఊర్లే లేచుట మొదలైనప్పుడు, ఆ పనికి వలసినచేతులలో కొన్ని మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ఆర్మూరు, నిర్మల ప్రాంతములనుండి పోయినవి. వర్షాధారపు సేద్యము, ఎండిన బావులు, మరమగ్గముల దెబ్బకు చితికిన చేనేత దీనికి కారణములు. అంతకుముందే మనవారికి బొంబాయి, భివండీ దారి తెలియును. పద్మశాలీలు మగ్గములకును, తక్కినవారు కట్టుబడిపనులకును పోయియుండిన ఆ త్రోవయే గల్ఫుత్రోవకు మొదటిసగమైనది. మెట్‌పల్లినుండి బస్సులో నిజామాబాదు, అచ్చటినుండి మీటర్‌గేజి రైలులో మన్మాడు, అచ్చట బండి మారి బొంబాయి. అక్కడ ఏజెంటు చూపిన గదిలో పదునైదుగురు, ఇరువదుగురు చాపలమీద పరుండి, వీజా ముద్ర పడువరకు, టిక్కెట్టు చేతికి వచ్చువరకు దినములు, ఒక్కొక్కప్పుడు నెలలు, వేచియుండిరి. గల్ఫుకు పోయివచ్చిన తొలితరమువారితో కూర్చుండి మాటలాడినవారికి తెలియును: వారు ఎడారిని తలచుకొనకముందు బొంబాయిగదిని తలచుకొందురు. ఆ నిరీక్షణలోనే వారు శాంతాక్రజువైపు, 1981 తరువాత సహారువైపు, దిగుచు లేచుచు పోవు విమానములను చూచి నేర్చిరి. చేయుటకు పనిలేదు, చేతిలో డబ్బులేదు. ఆకాశమున మాత్రము గంటకు ఎన్నో విమానములు. ఏది ఎయిరిండియా, ఏది గల్ఫ్ ఎయిర్, ఏది సౌదియా అని తోకరంగునుబట్టి చెప్పుట మొదటిపాఠము. నాలుగు యంత్రముల బోయింగ్ 707, మూపుమీద గూనుగల జంబో, తోకలో మూడవయంత్రము దాచిన ట్రైస్టారు అని ఆకారమునుబట్టి చెప్పుట రెండవపాఠము. హీత్రో డాబామీది బాలునికి దూరదర్శినినుండి ఏది లభించినదో, అదియే వీరికి ఆరాటమునుండి లభించినది.

వారి అభిప్రాయములు లోతైనవి. ఎందుచేతననగా అవి దేహముతో పరీక్షించినవి. ఎయిరిండియా 1971లో తెచ్చిన బోయింగ్ 747 విమానములకు చక్రవర్తుల పేర్లు పెట్టి, ప్రతి కిటికీచుట్టును రాజస్థాన భవనపు గవాక్షమువలె చిత్రించిరి. నేలమీద నిలిచినప్పుడే అది యొక కోటవలె కనబడుటచేత, మొదటిమారు విమానమెక్కువానికి ‘‘ఇంత పెద్దది పడదు’’ అను ధైర్యము కలిగెడిది. 1978 జనవరి 1 రాత్రి, ఆ జంబోలలో మొట్టమొదటిదగు ‘ఎంపరర్ అశోక’ బొంబాయినుండి దుబాయికి లేచి, వంపును చూపు యంత్రము తప్పుచూపగా పైలటు చీకటిలో దిక్కుతోచక, బాంద్రాతీరమున సముద్రమున పడెను. అందున్న 213 మందియు మరణించిరి. అది మనవారు పోవు దారియే, మనవారు నమ్మిన విమానమే. దానితో పరిమాణమునుబట్టి విమానమును నమ్మరాదను తీర్పు స్థిరపడినది. విమానము బలిష్ఠమైనను పైలటు కన్ను, యంత్రపు ముల్లు రెండును సరిగానుండవలెనను మాట, ఏ విచారణసంఘపు నివేదికయు చదువనివారి నోటనుండి వినవచ్చుచుండెను.

ట్రైస్టారునుగూర్చి మాత్రము వారిలో అభిప్రాయభేదము తక్కువ. 1974లో బహ్రెయిన్, ఖతరు, అబూధాబీ, ఒమానులు నాలుగును ఉమ్మడిగా సొంతము చేసికొనిన గల్ఫ్ ఎయిర్, 1976 నుండి లాక్‌హీడ్ ఎల్-1011 ట్రైస్టారులను నడిపెను. దాని రోల్స్‌రాయిస్ యంత్రముల మెత్తదనమును, దిగునప్పటి నిదానమును ఆ కాలపు ప్రయాణికులు ఇప్పటికిని కొనియాడుదురు. ఇది కేవలము జ్ఞాపకపు తీపి గాదు. దిగు త్రోవలో ముక్కు నెత్తకుండ దించకుండ, రెక్కలమీది పలకలను స్వయముగా కదల్చి ఎత్తును సరిచేసికొను ఏర్పాటు దానిలో నుండెను. పైలటులును దాని నిందుకే ప్రేమించిరి. లాక్‌హీడ్ వారు 250 విమానములతో దాని తయారీ నాపివేసిరి. వ్యాపారమున ఓడినది, ప్రయాణికుని మనస్సున గెలిచినది. ఏ దేశపు విమానప్రియు నడిగినను ట్రైస్టారుకు ఇట్టి మర్యాదయే దొరకును, కాబట్టి గల్ఫుకు పోయివచ్చిన మన మేస్త్రీల తీర్పు లోకపు పెద్దల తీర్పుతో సరితూగునని చెప్పుటలో అతిశయోక్తి యేమియు లేదు.

1990లో ఇరాకు కువైటు నాక్రమించినప్పుడు చిక్కుకొనినవారిలో మన జిల్లాలవారును గలరు. ఎడారిమార్గమున బస్సులలో జోర్డానుకు చేరి, అమ్మానునుండి ఎయిరిండియా విమానములలో వారు తిరిగివచ్చిరి. 59 దినములలో 488 విమానయాత్రలు, లక్షా డెబ్బదివేలకు పైబడిన మనుష్యులు: పౌరవిమానములతో చేసిన ఇంతటి తరలింపు అంతకుముందు ప్రపంచమున లేదు. గుడారములలో దప్పికతో వేచి, తుదకు ఎర్రని గవాక్షముల జంబోను చూచినవానికి ఆ విమానముపై కలిగిన అభిమానమును సీటువెడల్పుతో కొలువలేము. ఎయిరిండియా సేవలోని లోపములను వారు ఎంతయో చెప్పుదురు. చెప్పుచు చెప్పుచు కువైటు ప్రస్తావన రాగానే స్వరము మార్చుదురు. 1996 నవంబరు 12న చర్ఖీదాద్రీ మీద సౌదియా జంబోయు కజకు సరకువిమానమును ఢీకొని 349 మంది మరణించినది, 2010 మే 22న మంగళూరులో దుబాయినుండి వచ్చిన 737 లోయలోనికి జారిపోయినది కూడ వారి చర్చలలో ఇప్పటికిని వచ్చును. మొదటిదానితో ఎదురెదురు విమానములను హెచ్చరించు యంత్రము మనదేశమున నిర్బంధమయ్యెనని, రెండవదానితో గుట్టమీది రన్‌వేల భయ మేమో తెలిసెనని చెప్పగలవారు పసుపుమార్కెట్టు చాయదుకాణమునందు దొరకుదురు.

ఇరువదియొకటవ శతాబ్దితో చిన్నవిమానముల కాలము వచ్చినది. 2003లో షార్జానుండి ఎయిర్ అరేబియా, 2005లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, 2009లో ఫ్లైదుబాయి, నడుమ ఇండిగో వెలసి, టిక్కెట్టుధర దిగివచ్చెను. దానితో మోకాలి యెడమును దిగివచ్చెను. ఇప్పుడు చర్చకు ముఖ్యాంశము రెండు జాతుల పోటీ: బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320. రెంటను వరుసకు ఆరుగురే. లోపలివెడల్పు మొదటిదానిలో 3.54 మీటర్లు, రెండవదానిలో 3.70. పదునారు సెంటీమీటర్ల తేడాను ఆరుగురు పంచుకొనవలెను గదా అని చదువుకొన్నవాడు తేలికగా తీసివేయవచ్చును. పండ్రెండు గంటల పనిచేసి, ఆ రాత్రియే విమానమెక్కి, ఇరువైపుల భుజము లొరయుచుండగా నాలుగుగంటలు కూర్చున్నవాడు తీసివేయడు. ‘‘బస్సుల కూసుంటె భుజాలకు జాగ ఉంటది, బోయింగుల ఉండది’’ అని నాతో నన్న వృద్ధుడు ఎయిర్‌బస్సును బస్సనియే పిలిచెను. ఆయన కొలబద్ద పట్టకయే నిజము చెప్పెను. బోయింగు నేలను గట్టిగా తాకునను ప్రథ కూడ వీరిలో గలదు. పొడవు పెంచిన 737-800 తోక నేలకు తగులకుండుటకై కొంత హెచ్చువేగముతో దిగవలసినమాట నిజమే గాని, తాకిడి యందు పైలటు చేతివాటమునకును గాలికిని ఎక్కువ పాలు గలదని నా నమ్మకము. 2018లోను 2019లోను 737 మ్యాక్స్ విమానములు రెండు కూలి, ప్రపంచమంతట ఆ జాతి నేలపట్టినపిమ్మట ఈ వాదము మరింత వేడెక్కినది. ఊరికి వచ్చువారు టిక్కెట్టుమీద విమానపుజాతిని చూచికొనుట అప్పటినుండి మొదలైనది.

పెద్దవిమానములలో దుబాయి ఎమిరేట్స్ వారి బోయింగ్ 777ది ప్రథమస్థానము, ఫిర్యాదులలోను అదియే ప్రథమము. వరుసకు తొమ్మండుగురికి హాయియైన ఆ గదిలో వారు పదిమందిని కూర్చుండబెట్టిరి. ఐనను పెట్టెలకు హెచ్చుబరువు సాగనిచ్చుట, వేడి యన్నము పెట్టుట, సీటువెనుక తెలుగుసినిమా దొరకుట దాని తప్పులను మరపించును. 2012 నుండి మనదేశమునకు వచ్చిన బోయింగ్ 787లో చెవులు తక్కువగా పట్టుననియు, దిగినపిమ్మట తలనొప్పి యుండదనియు పలువురు చెప్పగా విని, నేను కారణ మారసితిని: దాని దేహము లోహము గాక కర్బనపు నారతో చేసిన దగుటచేత లోపలిగాలిని ఎక్కువగా అదిమియుంచవచ్చును, పాతవిమానములలో ఎనిమిదివేల అడుగుల కొండమీద నున్నట్లుండు గాలి, దీనిలో ఆరువేల అడుగులమీద నున్నట్లుండును. 2025 జూన్ 12న అహ్మదాబాదులో ఆ జాతివిమానము కూలినప్పుడు, దానిని మెచ్చుకొనిన యిండ్లలోనే అందరికంటె ఎక్కువ కలతపడిరి. ఇక రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 సంగతి. ఎమిరేట్స్ 2008 నుండి 123 వానిని కొనెను. మనప్రభుత్వము 2014 జనవరివరకు వానిని మనదేశమున దిగనీయలేదు. హైదరాబాదునుండి 777లో పోయిన మనవారు దుబాయి విమానాశ్రయమున వాని వరుసలను చూచి, వచ్చి వర్ణించిరి. ఎక్కనివిమానమును ఇంత వివరముగ నెరిగినవారు అరుదు. విమానాశ్రయపు పనులలో కుదిరిన మనవారు కొందరు వానిని కడిగిరి, వానికి సామానెక్కించిరి. వారిమాటకు ఊరిలో పెద్దల గౌరవము.

ఈ జ్ఞానమునకు బాధాకరమైన పార్శ్వ మొకటి కలదు, దానిని విడిచి ఈ చరిత్రను చెప్పుట ధర్మము కాదు. ప్రయాణికుల విమానపు క్రిందియరలో సామానుతోబాటు శవపేటికలు వచ్చును. అక్కడి మరణధ్రువపత్రము, దేహమును భద్రపరచిన పత్రము, భారత రాయబార కార్యాలయపు నిరభ్యంతరపత్రము, యజమాని సంతకము: ఇవన్నియు కుదురువరకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచును. పిమ్మట ఏ విమానమున పేటిక పట్టును, అది ఎన్నిగంటలకు శంషాబాదు విమానాశ్రయమును చేరును, సరకుద్వారమునొద్ద ఎవరు నిలువవలెను అను సమాచారము కొరకు కుటుంబములు విమానపుసంఖ్యను చీటిమీద వ్రాసికొని, గంటగంటకు అడుగుదురు. అక్కడినుండి ప్రభుత్వపు ఉచిత అంబులెన్సులో మెట్‌పల్లికి నాలుగైదు గంటల దారి. విమానసంఖ్యను, రాకవేళను, ఆలస్యకారణమును ఇంతశ్రద్ధతో అనుసరించినవారు ఏ దేశపు డాబామీదను నిలిచియుండరు. మా ప్రాంతపు పడుచులు, తల్లులు విమానములనుగూర్చి నేర్చినదానిలో కొంత ఇట్లు నేర్చినది.

2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయము పనికి పూనుకొనగా బేగంపేటకు ప్రయాణికుల రాకపోకలు నిలిచినవి. ఆ బేగంపేటలోనే కేంద్రప్రభుత్వము వారు వైమానికప్రదర్శనలు జరిపింపసాగిరి. 2024 జనవరిలో ఎయిరిండియా తన తొలి ఏ350ను, బోయింగ్ సంస్థ ఇంకను ప్రయాణికులసేవకు రాని 777-9ను అచ్చట నిలిపినప్పుడు, టిక్కెట్టు కొని చూడవచ్చిన జనములో విద్యార్థులు మెండు. 777-9 రెక్కల కొనలు నేలమీద మడతపడును. అవి పైకి లేచి నిలిచియుండుటను చూచుటకై బాలురు ఎండలో నిలిచిరి. కెమెరాకు అనుమతిగల ఇట్టి చోట్లనే మనదేశపు విమానవీక్షకులు తమ ముఖమును బయటపెట్టిరి. హైదరాబాదులోని ఆ యువకులకు మెట్‌పల్లి మేస్త్రీల ఆఖ్యానములు చేరలేదు. మేస్త్రీలకు ఆ యువకుల ఛాయాచిత్రములు మాత్రము చేరినవి, మనుమల చేతిఫోనులలో.

ఆ ఫోనులే ఇప్పుడు కొత్తవిద్యకు ఆధారము. నేటి ప్రయాణికుల విమానములు దాదాపు అన్నియు తమ స్థానమును, ఎత్తును, వేగమును సెకనుసెకనునకు ప్రసారము చేయును. ఆ సంకేతములను పట్టి పటముమీద చూపు సాధనములు 2006 తరువాత లోకమున వ్యాపించినవి. మెట్‌పల్లిలో డాబామీద పరుండిన బాలుడు తలపైని దీపమును చూచి, ఫోనుచూచి, ఇది ఢిల్లీనుండి శంషాబాదు పోవు ఏ321, ఇది మద్రాసునుండి పైకి పోవునది అని చెప్పును. మెట్‌పల్లికిని శంషాబాదుకును గగనమార్గమున సుమారు 175 కిలోమీటర్లు. ముప్పదియైదువేల అడుగులమీది విమానము సుమారు రెండువందల కిలోమీటర్ల దూరముననే దిగుట నారంభింపవలెను గనుక, ఉత్తరమునుండి వచ్చు విమానములకు గోదావరితీరమే మెట్లవరుసలో మొదటిమెట్టు. తాత యంత్రధ్వని తగ్గినదని చెవితో చెప్పును. మనుమడు ఎత్తు తగ్గుచున్నదని అంకెతో చెప్పును. ఇద్దరి మాటయు ఒకటియే.

ఈ ఇద్దరును విభేదించు చర్చ యొకటి ఇప్పుడు ఊరిలో సాగుచున్నది. మన ఉత్తరతెలంగాణమునకు సొంతవిమానాశ్రయము లేదు. రామగుండమువద్ద బసంత్‌నగరున సిమెంటుకార్ఖానావారు వేసిన చిన్నరన్‌వేమీద 1980లలో వాయుదూత్ విమానములు కొంతకాలము దిగి మానినవి. ఆదిలాబాదులో నిజాంనాటి క్షేత్రము దశాబ్దములుగా ఖాళీగా నుండి, ఇటీవల వాయుసేన అనుమతితో పౌరవిమానములకు తెరచుకొను సూచనలు కానవచ్చుచున్నవి. నిజామాబాదు జిల్లా జక్రాన్‌పల్లి, మెట్‌పల్లికి బస్సులో గంటన్నర దారి, ప్రతిపాదనలలో చాలకాలముగా నున్నది. వచ్చినచో వచ్చునది డెబ్బదిమంది పట్టు ఏటీఆర్ అను పంకాలవిమానము. దానికి పదునాలుగువందల మీటర్ల రన్‌వే చాలును. గల్ఫుపెద్దలకు పంకాలు చూడగానే చిన్నచూపు: అది పాతకాలపుది, ఊగును, దానిలో నలుబది కిలోల పెట్టె పట్టదు, కావలసినది నేరుగా దుబాయి పోవు ఏ320 అని వారి వాదము. మనుమలు పంకావెనుక తిరుగునది జెట్టుయంత్రమువంటిదే యనియు, చిన్నదూరమునకు అది సగము ఇంధనముతో పోవుననియు, ఏ320కి కావలసిన రెండువేల మీటర్లకు పైబడిన రన్‌వేకు భూమి నిచ్చు రైతు ముందు దొరకవలెననియు బదులు చెప్పుచున్నారు. పసుపుచేలు పోగొట్టుకొనవలసినవారు ఈ చర్చలో మూడవపక్షము. వా రింకను ఏ విమానమును మెచ్చలేదు.